నాలుగు ముక్కల నిద్ర

పదకొండో వారం

గురువారం తెల్లవారుజామున దేవిశ్రీ హాస్టల్ మెట్ల మీంచి పడింది. ఉక్కునగరంలో ఉన్న సన్యాసిరాజుకి ఆ సంగతి శనివారం సాయంత్రం దాకా తెలియలేదు. చెప్పింది కూడా అకాడమీ వాళ్లు కాదు. దేవిశ్రీ తల్లి తవిటమ్మ ఆసుపత్రి వరండాలోంచి ఫోన్ చేసి, "అన్నా, మీ నిఖిత బానే ఉందా?" అని అడిగింది. అప్పుడు బయటపడింది మొత్తం. నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్‌కని గాజువాకలో చేర్చిన తన కూతురు, దాని గదిలోనే ఉండే దేవిశ్రీ, ఇంకో పదిమంది ఆడపిల్లలు రెండు నెలలుగా అందరిలా రాత్రి పడుకోవడం మానేశారని; రోజుకి నాలుగుసార్లు ముక్కలు ముక్కలుగా కునుకు తీసి, మిగతా వేళంతా చదువుతున్నారని.

ఆ రాత్రంతా సి షిఫ్టు చేసి ఆదివారం పొద్దున్న దిగిన సన్యాసిరాజు ఇంటికి వెళ్లలేదు. ముందు ఆసుపత్రికి వెళ్లాడు. దేవిశ్రీ తలకి ఏడు కుట్లు, కుడి మణికట్టుకి కట్టు. లేపితే కళ్లు తెరుస్తోంది, రెండు గుటకలు నీళ్లు తాగుతోంది, మళ్లీ పడుకుంటోంది. మూడు రోజులుగా అదే వరస. "స్కానింగ్‌లో ఏం లేదమ్మా. అసలు ఈ పిల్ల ఎన్నాళ్ల నుంచి సరిగ్గా పడుకోలేదు?" అని డాక్టరే తిరిగి తల్లిని అడిగాడట. అక్కణ్నుంచి సన్యాసిరాజు షేర్ ఆటో ఎక్కి హాస్టల్‌కి వచ్చాడు. గేటు దగ్గర వార్డెన్ వెంకటరమణమ్మ అడ్డుపడి, "నెమ్మదిగా మాట్లాడండి. పిల్లలు తొమ్మిదిన్నర నిద్రలో ఉన్నారు. ఇరవై అయిదు నిమిషాలు ఎవర్నీ లేపకూడదండి" అంది. కిందటి వారం అతన్ని ఆ గేటు దగ్గరే వదిలాం.

ఇరవై అయిదు నిమిషాలే కదా అని లోపలికి వచ్చి కూర్చున్నాడు.

విజిటర్స్ గది అంటే మెట్ల పక్కన నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక వాటర్ క్యాను, గోడ నిండా కిందటేటి ర్యాంకర్ల ఫొటోలు. ఫొటోల పక్కన లామినేషన్ చేసిన కాగితం ఒకటి వేలాడుతోంది. రాత్రి 1.00 నుంచి 3.30. ఉదయం 9.30 నుంచి 9.55. మధ్యాహ్నం 2.30 నుంచి 2.55. రాత్రి 8.00 నుంచి 8.25. కింద పన్నెండు పేర్లు. మొదటి పేరు నిఖితది.

సన్యాసిరాజు వేళ్ల మీద కూడాడు. మూడు గంటల నలభై అయిదు నిమిషాలు. నమ్మలేక మళ్లీ కూడాడు. అంతే వచ్చింది.

అతనికి యాభై రెండేళ్లు. స్టీలు ప్లాంటులో క్రేన్ నడుపుతాడు. ఎ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు, వారం తిరిగేసరికి పగలు రాత్రి అయిపోయే బతుకు. రాత్రి డ్యూటీ ఉండే సి షిఫ్టు వారాల్లో భార్య రామలక్ష్మమ్మ కిటికీలకి నల్ల దుప్పట్లు కట్టేది. కుక్కర్ విజిల్ వేస్తుందని గిన్నెలో గంజి వార్చి అన్నం వండేది. పక్క క్వార్టర్ వాళ్లని టీవీ సౌండు తగ్గించమని బతిమాలేది. అలా పోగుచేసి మొగుడికి ఆరు గంటల నిద్ర అప్పగించేది. చిన్నప్పుడు నిఖిత మధ్యాహ్నాలు మునివేళ్ల మీద నడిచేది. "నాన్న పడుకున్నాడు" అన్న మాట ఆ ఇంట్లో దేవుడి గదిలో మాటలా ఉండేది. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల ఇలా ఎలా చేసింది?

కూర్చుంటే కళ్లు మూతపడుతున్నాయి. లేచి తిరిగాడు. క్యానులోంచి నీళ్లు పట్టుకుని మొహం మీద చల్లుకున్నాడు. మెట్ల దగ్గరికి వెళ్లి లెక్కపెట్టాడు. పదహారు మెట్లు, మధ్యలో ఒక మలుపు. నల్ల గ్రానైటు. చెయ్యి పెట్టి చూశాడు, గరుకుగానే ఉంది. తడిసినా ఇది జారే రాయి కాదనిపించింది. మళ్లీ వచ్చి కూర్చున్నాడు. వెంటనే లేచాడు. కాళ్లు ఒకచోట నిలవడం లేదు.

తొమ్మిది యాభై అయిదుకి పైఅంతస్తులో బజర్ మోగింది. ఒక్క నిమిషంలో పిల్లలు దిగడం మొదలుపెట్టారు. తడి మొహాలు, చేతుల్లో పుస్తకాలు. పద్దెనిమిదేళ్ల పిల్లలు అంతమంది ఒకేసారి మెట్లు దిగుతుంటే ఒక్క నవ్వూ వినపడలేదు. ఒక అమ్మాయి చెప్పులు ఎడమది కుడికాలికీ, కుడిది ఎడమకాలికీ వేసుకుని అలాగే నడిచి వెళ్లిపోయింది.

అందరికంటే చివర నిఖిత వచ్చింది.

"నాన్నా! నువ్వేటి ఇక్కడ? అమ్మకి బానేదా?"

"అమ్మ బానే ఉంది. నువ్వెలాగున్నావు?"

"నాను సూపర్‌గా ఉన్నాను" అంది. కళ్లు మాత్రం చింతనిప్పుల్లా ఉన్నాయి. నెల కిందట చూసినప్పటికంటే మెడ ఎముకలు పైకి వచ్చాయి. ఎడమ అరచేతి వెనక రూపాయి బిళ్లంత కాలిన మచ్చ, ఇంకా పచ్చిగానే ఉంది.

"అదేటి?"

నిఖిత చేతిని తిప్పి, మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంది. "టీ పడినట్టుంది."

"పడినట్టుందా? కాలితే తెలీదేటమ్మా?"

ఆమె వాచీ చూసుకుంది. "నాన్నా, పదింబావుకి టెస్ట్ ఉంది నాకు. తొందరగా సెప్పు."

"బేగ్ సర్దుకో. ఇంటికెల్దాం."

"ఎందుకు?"

"పడుకోడానికి."

నిఖిత నవ్వింది. చిన్నపిల్లలకి లెక్క అర్థం కాకపోతే టీచర్లు నవ్వినట్టు. కుర్చీ లాక్కుని తండ్రి ఎదురుగా కూర్చుంది. మోకాలు ఆగకుండా ఊపుతూనే ఉంది.

"నాన్నా, విను. పోయినేడు నాకు పదకొండు మార్కుల్లో సీటు పోనాది. పదకొండు! అందరికీ రోజుకి ఇరవై నాలుగ్గంటలే. పడుకునే ఎనిమిదిలో నాలుగు మిగుల్చుకుంటే నాకు నెలకి నూట ఇరవై గంటలు ఎక్కువ. జూన్‌లో ఇక్కడి టెస్టుల్లో నాది నలభై ఒకటో ర్యాంకు. మొన్న మూడు. ఈ పద్ధతి ఎవరూ నా నెత్తిన రుద్దలేదు. నెట్‌లో చదివి నానే ముందు మొదలెట్టాను. మా డైరెక్టర్ జయంత్ సార్ చూసి మెచ్చుకుని అందరికీ పెట్టారు."

సన్యాసిరాజు చేతులు కట్టుకుని విన్నాడు. ఆటోలో వస్తూ తిట్టడానికి ఎన్నో మాటలు కూడబెట్టుకున్నాడు. అవన్నీ ఆ డైరెక్టరు కోసం. కూతురి కోసం ఒక్కటీ తెచ్చుకోలేదు.

"మీ అమ్మకి కూడా సెప్పని మాట ఒకటి సెప్తన్నాను" అన్నాడు చివరికి. "పెళ్లికి ముందు ఓ ప్రైవేటు రోలింగ్ మిల్లులో పనిసేసినాను. మనిషి లేక వరసగా డబల్ డ్యూటీలు. ఓ తెల్లారగట్ట నాలుక్కి, కొక్కేనికి బరువుంది, కింద మనుషులున్నారు. నాను కళ్లు తెరిసే ఉన్నాను. సేయి లివర్ మీదే ఉంది. ఉన్నట్టుండి సూస్తే బరువు నాలుగడుగులు కిందకి దిగిపోనాది. ఎవరు దింపినారో నాకు తెలీదు. నానే. ఆ రెండు సెకండ్లు నా బతుకులో లేవు, అంతే. ఎవరికీ తగల్లేదు కాబట్టి ఈరోజు నీ ముందు కూకున్నాను."

"నువ్వు అడ్డదిడ్డంగా పడుకున్నావు నాన్నా. నాది ప్లాన్. టైమ్ ప్రకారం పడుకుంటే బాడీ అలవాటు పడిపోద్ది."

"దేవిశ్రీకి అలవాటు పడిందేటి?"

ఊగుతున్న మోకాలు ఆగిపోయింది.

"తనకి... మెట్లు తడిగా ఉన్నాయట. జారిపోయిందట."

సన్యాసిరాజు కూతురి మొహంలోకి చూశాడు. "జారిపోయిందటేటి? నువ్వు దాని పక్క మంచమే కదా. ఊళ్లోవాళ్ల కబురు సెప్పినట్టు సెప్తన్నావు!"

నిఖిత నోరు విప్పేలోగా గేటు చప్పుడైంది. తవిటమ్మ లోపలికి వస్తోంది. తగరపువలస సంతలో కూరగాయలు అమ్మే మనిషి. మూడు రోజులుగా అదే చీర. కూతురి బట్టలు, సబ్బు, దువ్వెన తీసుకెళ్దామని వచ్చింది. సన్యాసిరాజుని చూసి తల ఊపింది, తర్వాత నిఖితని చూసి దగ్గరకొచ్చి గడ్డం పట్టుకుంది.

"నా తల్లే, ఎలా సిక్కిపోనావు! దేవి నిన్నే పిలుస్తంది నిద్దట్లో. అక్కా, అక్కా అని."

నిఖిత వెనక్కి ఒక అడుగు వేసింది.

ఆ మాటలు విని ఆఫీసు గదిలోంచి డైరెక్టర్ జయంత్ బయటికొచ్చాడు. నలభై లోపే ఉంటాడు. విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ ఈ అకాడమీ పెట్టి ఆరేళ్లయింది. నలగని చొక్కా, నెమ్మదైన గొంతు. "ఇక్కడ వద్దండి, పిల్లలకి డిస్టర్బెన్స్. లోపలికి రండి" అని అందర్నీ ఆఫీసులోకి తీసుకెళ్లాడు. వెంకటరమణమ్మ టీ కప్పుల ట్రేతో వెనకాలే వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"సన్యాసిరాజు గారూ, మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఒక్క మాట. నేను చెయ్యని పని పిల్లల చేత చేయించను. నా ప్రిపరేషన్ రోజుల్లో పదకొండు నెలలు ఇలాగే పడుకున్నాను. నాకేమీ కాలేదు. పైగా ఇది బలవంతం కాదు. ఇష్టమున్న పన్నెండు మందే, అదీ తల్లిదండ్రుల అనుమతితో."

"ఎవరి అనుమతి? నన్నెవరడిగినారు?"

జయంత్ బీరువాలోంచి ఒక ఫైలు తీసి, మొదటి కాగితం అతని ముందు పెట్టాడు. పైన ఇంగ్లీషులో నాలుగు పేరాలు. అడుగున నీలం ఇంకుతో సంతకం. కె. సన్యాసిరాజు.

అది తన సంతకమే.

మొదట దొంగ సంతకం అనుకున్నాడు. తర్వాత గుర్తొచ్చింది. జూలైలో ఓ ఆదివారం. సి షిఫ్టు నుంచి వచ్చి, స్నానం కూడా చెయ్యకుండా చద్దన్నం ముందు కూర్చున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుంటూనే తూగుతున్నాడు. నిఖిత సెలవుకి వచ్చి ఉంది. "నాన్నా, హాస్టల్ కాయితం, ఇక్కడొక సైన్" అంది. ఎడమచేత్తో కంచం పట్టుకుని కుడిచెయ్యి పైజామాకి తుడుచుకుని పెట్టేశాడు. ఏం రాసుందో అడగలేదు. పెట్టి, మంచం మీద పడ్డాడు.

"నిద్రమత్తులో పెట్టినాను" అన్నాడు.

జయంత్ జాలిగా చూశాడు. అది ఇంకా ఎక్కువగా తగిలింది.

తవిటమ్మ బల్ల అంచు పట్టుకుని ముందుకి వంగింది. "బాబూ, మరి నా పిల్లదో? నాను ఏ కాయితం మీదా సంతకం పెట్టనేదు."

"పెట్టారమ్మా. ఇదిగో." జయంత్ ఫైలు తిప్పి ఆరో కాగితం చూపించాడు. "మీ పేరే. తెలుగులో."

తవిటమ్మ ఆ కాగితాన్ని రెండు చేతులతో తీసుకుంది. చాలాసేపు చూసింది. ఆమె పెద్దయ్యాక, ఊళ్లో రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు నాలుగే. పేరు రాయడానికి ఇప్పటికీ బ్యాంకులో క్యూ అంతా ఆగాల్సిందే.

"ఇది నాది కాదు" అంది. "నా పేరు ఇంత అందంగా నాను రాయలేను బాబూ."

ఆమె కాగితాన్ని సన్యాసిరాజు వైపు చాపింది. "అన్నా, నువ్వు సదువుకున్నోడివి. ఎవరి రాతో సూసి సెప్పు."

సన్యాసిరాజు చూశాడు. ఒక్క చూపు చాలింది. 'మ' తలకట్టుని పక్కకి లాగి, కింద మావత్తుని చిన్న తోకలా వదిలెయ్యడం. అలా రాసేది తను. తన తండ్రి అలా రాసేవాడు. పలక మీద చెయ్యి పట్టి దిద్దించినప్పుడు నిఖితకి కూడా అదే వచ్చింది. ఈ ఊరు మొత్తంలో మావత్తుకి అలా తోక పెట్టేవాళ్లు ఇద్దరే ఉన్నారు, ఇద్దరూ ఈ గదిలోనే ఉన్నారు.

తెలీదు అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. తవిటమ్మ నమ్మేస్తుంది, అన్నా అని పిలిచిన మనిషి. ఆమె కాళ్ల వైపు చూశాడు. హవాయి చెప్పులు, పగిలిన మడమలు. ఆసుపత్రి నుంచి బస్సు దిగి నడిచి వచ్చిన దుమ్ము.

"నిక్కీ" అన్నాడు తల ఎత్తకుండా, కాగితాన్ని కూతురి చేతిలో పెట్టి. "నువ్వు సెప్తావా, నాను సెప్పనా?"

ఫ్యాను తిరుగుతోంది. నిఖిత గోడవైపు చూస్తోంది.

"నేనే పెట్టాను" అంది. డైరెక్టరు ముందు మాట్లాడే పుస్తకాల గొంతుతో మొదలుపెట్టి, సగంలో అది వదిలేసింది. "దేవికి ఇష్టం లేదు ఆంటీ. వద్దంది. నానే బతిమాలాను. మూడున్నరకి లేచాక తెల్లారేదాకా... అంతసేపు ఎవరూ ఉండరు. మిగతా పిల్లలు వేరే హాల్లో. పుస్తకం ముందు కూకుంటే గోడలు దగ్గరకి వచ్చేసినట్టుండీది. ఎవరో ఒకరు పక్కన మాట్లాడితే గానీ నాను ఉండలేకపోయేదాన్ని. నీ మార్కులు కూడా పెరుగుతాయే అన్నాను. మీ అమ్మకి నాను సెప్తాన్లే అన్నాను."

"నాకు సెప్పనేదు" అంది తవిటమ్మ.

"సెప్పలేదు."

తవిటమ్మ చెయ్యి పైకి లేచింది. కొట్టడానికే లేచింది. సన్యాసిరాజు అడ్డుకోలేదు. ఆ చెయ్యి అలా గాల్లో కాసేపు ఉండి, దిగి, కుర్చీ వీపు పట్టుకుంది.

"గురువారం ఏటైనాది? అదైనా నిజం సెప్పు తల్లీ."

"నిద్రొస్తే మెట్లెక్కి దిగడం మా అలవాటు. ఇద్దరం సేతులు పట్టుకుని. ఆరోజు దేవి ఒకటే ఏడుస్తంది, పడుకుంటానక్కా, పదినిమిషాలు పడుకుంటానక్కా అని. ఇంకో రౌండు తిరిగితే పోతాదన్నాను. పైనుంచి దిగతన్నాం. మలుపు దాటినాం. దాని సెయ్యి నా సేతిలోనే ఉంది, సల్లగా ఉంది, నాను గట్టిగా పట్టుకుని..."

ఆగిపోయింది.

ఏడుపు వచ్చి ఆగిందేమో అనుకున్నారు అందరూ. కాదు. కళ్లు తెరిచే ఉన్నాయి. చూపు బల్ల మీద ఎక్కడో ఉంది. పెదవులు కొంచెం విడివడి ఉన్నాయి. మనిషి నిలబడే ఉంది.

"నిక్కీ?"

జవాబు లేదు. కాగితం పట్టుకున్న వేళ్లు వదులయ్యాయి. కాగితం జారి నేల మీద పడింది.

"నిక్కీ!"

ఒక సెకను. రెండు. మూడు. సన్యాసిరాజు లేచి భుజం పట్టుకోబోయేలోగా రెప్పలు కొట్టుకున్నాయి.

"...కింద పడి ఉంది" అంది నిఖిత, ఏమీ జరగనట్టు. "తల కింద నెత్తురు. నాను అరిసాను. వార్డెన్ మేడమ్ వచ్చారు."

"అమ్మా" అన్నాడు సన్యాసిరాజు మెల్లగా. "సేయి పట్టుకున్నావు. కింద పడి ఉంది. మద్దిలో ఏటైనాది?"

"ఏ మద్దిలో?"

"నీ సేతిలో కాయితం ఏదీ?"

నిఖిత చేతులు చూసుకుంది. ఖాళీగా ఉన్నాయి. బల్ల మీద చూసింది. నేల మీద కాగితం కనపడింది. దాన్నీ, చుట్టూ ఉన్న మొహాల్నీ మార్చి మార్చి చూసింది. అర్థమవడం ఆమె మొహంలో కింది నుంచి పైకి పాకింది.

"నానే వదిలేసినాను" అంది. "నాన్నా, దేవి జారలేదు. నాను నిద్రపోయి దాని సెయ్యి వదిలేసినాను."

సన్యాసిరాజు కూతుర్ని దగ్గరికి లాక్కున్నాడు. ఎత్తుకుని తిరిగిన రోజుల తర్వాత అంత గట్టిగా పట్టుకోవడం అదే. ఎముకలు తగిలాయి చేతులకి. తవిటమ్మ నేల మీద చతికిలబడి, చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

జయంత్ మొహం పాలిపోయింది. కాసేపటికి తేరుకుని, కింద పడ్డ కాగితం తీసి ఫైల్లో పెట్టాడు. తలుపు దగ్గరగా వేశాడు. గొంతు ఇంకా తగ్గించాడు.

"చూడండి. ఈ మాట ఈ గది దాటితే ముందు నష్టపోయేది మీ అమ్మాయే. దొంగ సంతకం. పైగా తనే చెయ్యి వదిలానంటోంది. కేసు అయితే ఏ మెడికల్ కాలేజీలో అడుగుపెడుతుంది? నా మాట వినండి. మెట్లు తడిగా ఉన్నాయి, జారింది. నిఖిత ఒక స్టేట్‌మెంట్ రాసి సైన్ చేస్తే సరిపోతుంది. దేవిశ్రీ ఆసుపత్రి ఖర్చంతా నేను చూసుకుంటాను. మెట్ల దగ్గర కెమెరా కూడా పనిచెయ్యడం లేదు. చూసినవాళ్లెవరూ లేరు."

సన్యాసిరాజుకి అతని మాటలు దూరం నుంచి వినపడుతున్నాయి. నిద్రలేక చెవుల్లో హోరు. కూతురి భవిష్యత్తు, చూసినవాళ్లెవరూ లేరు. తవిటమ్మ కింద నుంచి తల ఎత్తి అతన్నే చూస్తోంది. అతనేం చెబుతాడా అని.

"ఓసారి నిద్దట్లో సంతకం పెట్టినాను" అన్నాడు. "ఇప్పుడు మెలకువగానే ఉన్నాను. నా కూతురు జరిగిందే రాస్తాది. జరగంది రాయదు. ఏటైతే అదవుద్ది."

"నాన్నా..."

"ఊరుకో అమ్మా. నాను నీ పక్కనే ఉంటాను." తవిటమ్మ వైపు తిరిగాడు. "సెల్లీ, నువ్వు ఎవరికి సెప్పమంటే వాళ్లకి సెప్తాం. నిన్ను మోసం సేసి మేం ఇంటికెళ్లి పడుకోలేం."

జయంత్ నవ్వలేక నవ్వాడు. "మీరు కోపంలో ఉన్నారు. రేపు మాట్లాడదాం. వెంకటరమణమ్మ గారూ, వీళ్లని గేటు దాకా..."

వెంకటరమణమ్మ కదల్లేదు. ఇందాకటి నుంచి ట్రే పట్టుకుని అలాగే నిలబడి ఉంది. టీలు చల్లారి పైన మీగడ కట్టింది. రాజమండ్రి దగ్గర్నుంచి వచ్చి, ఆరేళ్లుగా ఒకరింటి పిల్లల్ని కాపలా కాసి బతుకుతున్న మనిషి. ఎవరికీ ఎదురు చెప్పి ఎరగదు. ట్రేని బీరువా మీద పెట్టింది. రెండు చేతులూ కొంగుకి తుడుచుకుంది.

"కెమెరా పనిచేసిందండి" అంది.

"ఏంటి?"

"గురువారం పొద్దున్న దాకా పనిచేసిందండి. తమరు తీగ పీకించింది పదిగంటలకి. అంతకుముందే నేను ఆఫీసులో ఆ తెర మీద చూశానండి. భయమేసింది. నా ఫోన్లో తీసి పెట్టుకున్నాను." ఆమె నిఖిత దగ్గరికి వచ్చి, తండ్రి చొక్కాలో దాచుకున్న ఆ మొహాన్ని తనవైపు తిప్పింది. "పాప మీద ఇంత భారం పడుతుంటే ఇంక నావల్ల కాదండి. నువ్వు చెయ్యి వదిలిన మాట నిజమేనమ్మా. కానీ నువ్వు వదిలాక దేవిశ్రీ పడలేదు. గోడ పట్టుకుని నిలబడే ఉంది. నువ్వక్కడే గోడకి ఆనుకుని నిద్రపోయావు."

"మరి..." నిఖిత ఆమె కొంగు పట్టుకుంది. "మరి ఎలా పడింది?"

వెంకటరమణమ్మ నడుముకి దోపుకున్న ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ మెట్ల మీద ఉన్నది మీరిద్దరే కాదమ్మా."

జయంత్ ఫోన్ మీదకి చెయ్యి చాచాడు. నేల మీద కూర్చున్న తవిటమ్మ ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. అతని చెయ్యి చేరేలోగా ఆమె అరచెయ్యి ఆ ఫోన్ మీద పడింది.